ఎసిటోన్ పళ్లెంలో చివర మిగిలిన గ్రామున్నర ఏమిటి? ద్రవాలు ఇగిరే వేగం ప్రయోగంలో మూడు సందేహాలు

సైన్స్‌టీచర్_బాపట్ల:

తొమ్మిదో తరగతి పిల్లలతో బాష్పీభవనం ప్రాజెక్టు చేయిస్తున్నాం. ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం, గాలి వేగం, గాలిలో తేమ అని నాలుగు అంశాలు పుస్తకంలోనే ఉన్నాయి. వాటితో పాటు ఏ ద్రవం ఎంత వేగంగా ఇగిరిపోతుందో తూకం వేసి గ్రాఫు గీయించాలని మొదలుపెట్టాం. వరస అనుకున్నట్టే వచ్చింది గానీ మూడు రీడింగులకు కారణం దొరకడం లేదు.

అమరిక ఇది. 9 సెం.మీ. వ్యాసం ఉన్న గాజు పెట్రీ పళ్లేలు ఆరు, ఒక్కోదాంట్లో 20 గ్రాముల ద్రవం. డిస్టిల్డ్ వాటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (సెల్‌ఫోన్ రిపేరుకు వాడే 99 శాతంది), ల్యాబ్ ఎసిటోన్, అడుగున ఇంకా ఉప్పు మిగిలేదాకా కలిపిన ఉప్పునీళ్లు, గ్లిజరిన్, కొబ్బరినూనె. కాటా 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. గది 30 డిగ్రీలు. తేమ పగలు 70 శాతం, రాత్రి 85 దాటుతోంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పళ్లేలన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టాం.

రీడింగులు:

నీళ్లు: గంటకు 0.35 గ్రాములు, ఇంచుమించు ఒకే తీరుగా.
ఐసోప్రొపైల్: గంటకు 2.5 గ్రాములు. మూడు గంటలే చూశాం.
ఎసిటోన్: మొదటి అరగంటలో 6 గ్రాములు పోయింది. తర్వాత నెమ్మదించింది. రెండున్నర గంటలకు 1.4 గ్రాములు మిగిలింది. ఆ మిగిలింది మాత్రం గంటకు 0.35 చొప్పునే తగ్గింది.
ఉప్పునీళ్లు: పగలు ఆరు గంటల్లో 0.3 తగ్గి, తెల్లారేసరికి 0.8 పెరిగింది.
గ్లిజరిన్: తగ్గలేదు సరిగదా మర్నాటికి 22.3 అయింది.
కొబ్బరినూనె: 20.00, కదల్లేదు.

ఎసిటోన్ కల్తీదా? ఉప్పునీళ్లు, గ్లిజరిన్ బరువు పెరగడం కాటా తప్పా? ఇంకో మాట: మరుగుస్థానం చూసి ఇగిరే వేగం వరస చెప్పేయొచ్చా అని పిల్లలు అడుగుతున్నారు. అవునని చెప్పడానికి ధైర్యం చాలడం లేదు.

ల్యాబ్‌కాటా:

టీచర్ గారూ, కాటా తప్పు లేదు, ఎసిటోన్ కల్తీదీ కాదు. చివర మిగిలింది చాలావరకు నీళ్లు. సాక్ష్యం మీ రీడింగుల్లోనే ఉంది: ఆ మిగిలింది గంటకు 0.35 చొప్పున తగ్గుతోంది, పక్కన నీళ్ల పళ్లెం తగ్గేదీ అంతే.

ఆ నీళ్లు మీ గది గాలిలోంచి పళ్లెంలోకి దిగాయి. 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలికి తుషార బిందువు 24 డిగ్రీలు. అంటే 24 కన్నా చల్లగా ఏ వస్తువున్నా దాని మీద చెమ్మ పడుతుంది. ఎసిటోన్ ఇగిరేటప్పుడు తనను తానే చల్లబరచుకుని ఈ గీత కిందికి సులువుగా దిగిపోతుంది. గ్రాముకు అది తీసుకునే గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరి కావడానికి లాక్కునే వేడి, నిజానికి తక్కువే. నీళ్లకు 2,430 జౌళ్లయితే దీనికి సుమారు 530. కానీ మీ లెక్కన మొదట్లో గంటకు 12 గ్రాములు పోతోంది. 12 ఇంటూ 530 అంటే 6,300 జౌళ్లు పైన. నీళ్ల పళ్లెం తీసుకునేది గంటకు 850 మాత్రమే. ఏడు రెట్ల వేడి ఎసిటోన్ పళ్లెంలోంచి వెళ్లిపోతోంది, గదిలోంచి అంత వేగంగా తిరిగి రావడం లేదు, కాబట్టి చల్లబడుతుంది. థర్మామీటరు బుడ్డికి దూది చుట్టి ఎసిటోన్‌లో ముంచి బయట పట్టుకుంటే పది డిగ్రీలకు పైగా పడిపోవడం పిల్లలు కళ్లారా చూడొచ్చు.

రెండో కారణం, ఎసిటోన్ నీళ్లతో ఎంత పాళ్లలోనైనా కలిసిపోతుంది. చల్లబడకపోయినా తేమను కొంత లాక్కుంటుంది. చల్లబడితే ఇంకా ఎక్కువ. మీ ఐసోప్రొపైల్ కూడా చివరిదాకా తూచి ఉంటే ఇదే తోక కనిపించేది.

నిరూపించడం తేలిక. మైలుతుత్తం, అంటే నీలి రంగు కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు, ఒక చెంచాడు పింగాణీ గిన్నెలో వేసి సన్నని మంట మీద కలుపుతూ వేడి చేయండి. పూర్తిగా తెల్లబడగానే దించేయండి. అక్కడితో ఆపకుండా ఇంకా గట్టిగా కాలిస్తే నల్లబడి పాడవుతుంది. చల్లారాక మూత బిగువుగా ఉన్న సీసాలో పెట్టండి, లేకపోతే మీ ఊరి గాలికి అదే నీలం తిరుగుతుంది. మంట పూర్తిగా ఆర్పేశాకే ఎసిటోన్ సీసా మూత తీయాలి. తెల్లపొడిని రెండు భాగాలు చేసి, ఒకదాని మీద సీసాలోని ఎసిటోన్ రెండు చుక్కలు, రెండోదాని మీద పళ్లెంలో మిగిలింది రెండు చుక్కలు వేయండి. రెండోది వెంటనే నీలమవుతుంది. మొదటిది అలాగే ఉండాలి. సీసా తెరిచి చాలా రోజులైతే కొద్దిగా నీలి ఛాయ రావచ్చు, తేడా మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఇక తూకంలో మీరు గమనించకుండా జరిగే పొరపాటు ఒకటి ఉంది. చల్లబడిన పళ్లెం అడుగున బయటి వైపు కూడా చెమ్మ పడుతుంది, అదీ కాటా మీదికే వస్తుంది. ప్రతిసారీ పళ్లెం అడుగు పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. పళ్లేన్ని కాటా మీదే వదిలేసి అంకెలు రాసుకోవద్దు. చవక కాటాల్లో నిదానంగా వచ్చే మార్పును కాటాయే సున్నా సర్దుబాటు అనుకుని మింగేసే ఏర్పాటు ఉంటుంది. తీసి, సున్నా చూసి, మళ్లీ పెట్టి తూచండి.

పళ్లేలు పక్కపక్కన పెట్టడం కూడా మార్చాలి. ఎసిటోన్ ఆవిరి పక్కనున్న నీళ్లలో కరుగుతుంది, నీళ్ల తూకం చెడుతుంది. కనీసం మీటరు ఎడం ఉంచండి, లేదా ఒక్కో ద్రవాన్ని విడిగా చేయండి.

ఎండిపోవడానికి పట్టిన సమయం చూసి వేగం లెక్కగట్టడం మీ ఊళ్లో పనికిరాదు. మొదటి పావుగంట తగ్గుదలను, ఐదు నిమిషాలకొక తూకంతో, గ్రాఫు మీద గీసి ఆ వాలు తీసుకోండి. నీళ్లు ఐదు నిమిషాలకు 0.03 గ్రాములే తగ్గుతాయి కాబట్టి మీ కాటాకు చాలదు, దానికి గంటకొక తూకం వేయండి. ఫలితాన్ని గంటకు, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములని రాయండి. మీ పళ్లెం వైశాల్యం సుమారు 64 చ.సెం.మీ.

పాలిష్_వర్క్:

ఎసిటోన్ పళ్లెంలో జరిగిందే వానాకాలంలో చెక్క పాలిష్ మీద జరుగుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ థిన్నర్‌తో కొట్టిన పది నిమిషాలకు బల్ల మీద పాలపొర కమ్మినట్టు తెల్లబారుతుంది. త్వరగా ఇగిరే థిన్నర్ పూతను చల్లబరుస్తుంది, గాలిలో తేమ సన్నని బిందువులుగా పూత లోపలే దిగుతుంది, ఆ నీళ్లకు లాకర్ విరిగినట్టై తెల్లగా కనిపిస్తుంది. చాలామంది ఆరడం లేదనుకుని ఇంకాస్త థిన్నర్ కలుపుతారు. అది ఇంకా చల్లబరచి ఇంకా తెల్లబారుస్తుంది. చేయాల్సింది తిరగేసి: నిదానంగా ఇగిరే రిటార్డర్ థిన్నర్ కొంచెం కలపాలి. పూతలో ద్రావకం చివరిదాకా ఉంటే నీళ్లే ముందు వెళ్లిపోతాయి. తెల్లబారిన చోట కూడా రిటార్డర్ పలచగా స్ప్రే చేస్తే చాలాసార్లు తేటపడుతుంది. వాన పడుతున్న పూట పని ఆపడం అన్నిటికన్నా మేలు.

మరుగుస్థానం ప్రశ్నకు ఈ రంగంలోనే జవాబుంది. రంగుల పరిశ్రమలో ద్రావకాలను బ్యూటైల్ అసిటేట్‌తో పోలుస్తారు. దాని వేగం 1 అనుకుంటే ఐసోప్రొపైల్ ఒకటిన్నర పైన, ఎసిటోన్ ఐదున్నర పైన. నీళ్లు మూడో వంతు దరిదాపు. ఇప్పుడు మరుగుస్థానాలు చూడండి: బ్యూటైల్ అసిటేట్‌ది 126 డిగ్రీలు, నీళ్లది 100. ఎక్కువ వేడికి మరిగేదే ముందు ఆరిపోతోంది! నీళ్లు గ్రాముకు లాక్కునే వేడి చాలా ఎక్కువ, అణువు చాలా తేలిక, ఆ రెండూ కలిసి బరువు లెక్కలో నీళ్లను వెనక్కి లాగుతాయి. కాబట్టి ఒకే కుటుంబం ద్రవాల మధ్య (మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్, బ్యూటనాల్ అలా) మరుగుస్థానం వరస నమ్మొచ్చు. కుటుంబం మారితే నమ్మకూడదు.

ఆ కొలత తీసే పద్ధతి కూడా టీచర్ గారికి పనికొస్తుంది. 25 డిగ్రీల దగ్గర పొడి గాలి పంపుతూ, వడపోత కాగితం మీద 0.7 మి.లీ. ద్రావకం వేసి, 90 శాతం పోవడానికి పట్టే సమయం చూస్తారు. నూరు శాతం దాకా ఆగరు. చివరి పదిశాతంలో ద్రవం గుణం కన్నా మలినాలు, తేమ ఎక్కువ మాట్లాడతాయి.

ఒక హెచ్చరిక. ల్యాబ్ ఎసిటోన్ దొరక్క నెయిల్ పాలిష్ రిమూవర్ వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అందులో నీళ్లు, గ్లిజరిన్, నూనె, సువాసన కలుపుతారు. కొన్నింట్లో ఎసిటోనే ఉండదు. శుభ్రమైన అద్దం మీద ఒక చుక్క వేసి ఆరాక చూడండి. మరక మిగిలితే అది ఈ ప్రయోగానికి పనికిరాదు.

ఉప్పుమడి_చినగంజాం:

ఉప్పునీళ్లు రాత్రి బరువు పెరగడం గురించి. ఇది ఉప్పు పండించేవాళ్లకు రోజూ ఉండే లెక్క.

ఉప్పు పూర్తిగా కరిగి, ఇక కరగక అడుగున నిలిచిన నీళ్లకు ఒక హద్దు ఉంది: గాలిలో తేమ 75 శాతం. అంతకన్నా తక్కువుంటే నీళ్లు ఇగురుతాయి, ఎక్కువైతే గాలిలో తేమే వచ్చి నీళ్లలో కలుస్తుంది. మామూలు వాతావరణంలో ఎండాకాలానికైనా వానాకాలానికైనా ఈ 75 పెద్దగా మారదు. మీకు పగలు 70 ఉంది కాబట్టి కాస్త తగ్గింది, రాత్రి 85 దాటింది కాబట్టి పెరిగింది. వంటింట్లో రాళ్లుప్పు జాడీ వాన పూట చెమ్మగిల్లేదీ ఇందుకే. ఉప్పులో మెగ్నీషియం లవణాలు మిగిలి ఉంటే ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది.

పలచని సముద్రపు నీళ్లు వేరు. అందులో ఉప్పులన్నీ కలిపి మూడున్నర శాతమే కాబట్టి ఇగిరే వేగం మంచినీళ్ల కన్నా కొంచెమే తక్కువ. చిక్కబడేకొద్దీ మందగిస్తుంది. మడుల్లో ఈ చిక్కదనాన్ని బోమే డిగ్రీల్లో చూస్తారు, ఇవి వేడి డిగ్రీలు కావు. సముద్రపు నీళ్లు 3 డిగ్రీలు ఉంటాయి. ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పుతూ ఎండబెడితే 25 డిగ్రీలకు ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. అక్కడికి రావడానికి వెయ్యి లీటర్లలో సుమారు తొమ్మిది వందల లీటర్లు ఇగిరిపోవాలి! 29, 30 డిగ్రీలకు చేరాక మిగిలిన చేదు నీళ్లను వదిలేస్తారు. వాటిని ఇంకా ఎండబెడితే మెగ్నీషియం లవణాలు ఉప్పులో కలిసి చేదెక్కిస్తాయి, పైగా ఆ నీళ్లు సరిగా ఇగరవు. మెగ్నీషియం క్లోరైడు బాగా చిక్కబడితే దాని హద్దు 33 శాతం తేమకే వస్తుంది. మన తీరంలో గాలి అంత పొడిగా ఉండే రోజు వెతుక్కోవాలి.

అందుకే ఎండ ఎంత కాసిందన్నది ఒక్కటే చూస్తే చాలదు, గాలి ఎటు నుంచి వస్తోందో చూడాలి. పడమటి పొడిగాలి తోలిన పూట మడి దిగినట్టు, సముద్రపు గాలి తోలిన పూట దిగదు, ఎండ రెండు పూటలా ఒకేలా ఉన్నా సరే. ఇంకోటి, మడిలో నీళ్లు పలచగా పరచాలి. లోతుగా నింపితే ఎండ వేడి అంతా అడుగు నీళ్లను కాచడానికే పోతుంది.

సైన్స్‌టీచర్_బాపట్ల:

అందరికీ ధన్యవాదాలు. తేమ ఇలా రెండు వైపులా పనిచేస్తుందని ఆలోచించనే లేదు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఫ్యాను పెడితే ఎసిటోన్‌లో నీళ్లు దిగకుండా ఉంటాయా? రెండోది, ఉపరితల వైశాల్యం చూపించడానికి 2 సెం.మీ. వెడల్పున్న కొలజాడీలో అడుగున కొంచెం ఎసిటోన్ పోసి చూశాం. పళ్లెంలో నీళ్ల కన్నా నెమ్మదిగా తగ్గింది. వైశాల్యం ఇరవయ్యో వంతే అనుకున్నా, ఎసిటోన్ అంత నెమ్మదించడం ఎలా?

ఫిజిక్స్_లెక్చరర్:

ముందు కొలజాడీ. పళ్లెం వైశాల్యం 64, జాడీది 3.1 చ.సెం.మీ. ఇరవై రెట్లు తేడా నిజమే. దాని మీద ఇంకో అడ్డు ఉంది: లోతు. జాడీ మూతి నుంచి ద్రవం దాకా 10 సెం.మీ. ఉందనుకుందాం. ఆ పది సెంటీమీటర్లూ ఆవిరి కదలని గాలిలో వ్యాపనం ద్వారానే పైకి రావాలి. ఎసిటోన్ అణువు నీటి అణువుకు మూడు రెట్లు పైగా బరువు, గాలిలో దాని వ్యాపన వేగం నీటి ఆవిరిలో సగం లోపే. పైగా ఎసిటోన్ ఆవిరి గాలికి రెండింతల బరువు కాబట్టి జాడీ అడుగునే కూర్చుంటుంది. నీటి ఆవిరి గాలి కన్నా తేలిక, దానికి ఈ ఇబ్బంది లేదు. 30 డిగ్రీలకు లెక్క కడితే ఆ జాడీ నుంచి గంటకు సుమారు 0.14 గ్రాముల ఎసిటోన్ వస్తుంది. మీ నీళ్ల పళ్లెం 0.35. కాబట్టి మీరు చూసింది సరైనదే. లోతు రెట్టింపు చేస్తే వేగం సగమవుతుంది. పళ్లేలు కూడా అంచు దాకా ఒకే ఎత్తు మిగిలేలా నింపకపోతే ఇదే తేడా చిన్నగా లోపలికి వస్తుంది. 20 గ్రాముల ఎసిటోన్ 25 మి.లీ. దాటుతుంది, 20 గ్రాముల నీళ్లు 20 మి.లీ. మాత్రమే. మీరు బరువు సమానం చేశారు, అంచు నుంచి ఎడం సమానం కాలేదు. సమాన ఘనపరిమాణం తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ద్రవం పైపొర దగ్గర ఆవిరి పీడనంలోంచి (ఆవిరి నెట్టే ఒత్తిడిలోంచి), చుట్టూ గాలిలో అదే ఆవిరికి ఉన్న పీడనం తీసేస్తే మిగిలే తేడాయే ఇగిరే వేగాన్ని నడిపేది. 1802లో జాన్ డాల్టన్ చెప్పిన సూత్రం ఇదే. మీ అంకెలకు పెట్టి చూద్దాం, పాదరసం మిల్లీమీటర్లలో.

30 డిగ్రీల నీళ్లకు 31.8. గాలిలో 70 శాతం తేమ అంటే 22.3. తేడా 9.5.

సంతృప్త ఉప్పునీళ్లకు 31.8లో 75 శాతం, అంటే 23.9. తేడా 1.6. నీళ్లలో ఆరో వంతు. మీకు వచ్చింది గంటకు 0.05, నీళ్లకు 0.35: ఏడో వంతు. బడి కాటాతో ఇంత దగ్గరగా రావడం చాలా బాగుంది. రాత్రి 27 డిగ్రీలు, 88 శాతం తేమ అనుకుంటే ఉప్పునీళ్లది 20, గాలిది 23.5. గుర్తు తిరగబడింది, బరువు పెరిగింది.

ఎసిటోన్‌కు 30 డిగ్రీల దగ్గర సుమారు 285. గాలిలో ఎసిటోన్ ఎంత ఉంది? ఏమీ లేదు. కాబట్టి తేడా మొత్తం 285. ఇది పిల్లలకు తప్పక చెప్పాల్సిన విషయం: గాలిలో నీటి తేమ నీళ్లు ఇగరడానికే అడ్డు, ఎసిటోన్‌కూ స్పిరిట్‌కూ అడ్డు కాదు. 'తేమ పెరిగితే బాష్పీభవనం తగ్గుతుంది' అని పుస్తకంలో ఉన్న వాక్యం నీళ్ల గురించి. అందుకే ఎసిటోన్ నీళ్ల కన్నా ఎన్ని రెట్లు వేగం అన్నదానికి ఒకే జవాబు లేదు. మే నెలలో హైదరాబాదులో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం నీళ్లకు తేడా 55.3లోంచి 11 పోగా 44. బాపట్లలో మీకున్న 9.5కు నాలుగున్నర రెట్లు పైన! ఎసిటోన్ మాత్రం అంతగా పెరగదు. అదే ప్రయోగం అక్కడి బడిలో చేస్తే రెండింటి నిష్పత్తి వేరుగా వస్తుంది, రెండూ నిజమే. ఎయిర్ కూలర్ హైదరాబాదులో, రాయలసీమలో పనిచేసి విశాఖలో ఉక్కపోత పెంచడం కూడా ఈ తేడా వల్లే. 40 డిగ్రీలు, 20 శాతం గాలిని తడి గడ్డి మీదుగా పంపితే 22 డిగ్రీల దాకా దించే అవకాశం ఉంటుంది. 33 డిగ్రీలు, 70 శాతం గాలిని 28 కిందికి దించలేం.

ఫ్యాను గురించి: ఉపయోగం లేదు. గాలి తోలితే ఎసిటోన్ వేగంగా పోతుంది, నీటి ఆవిరి కూడా అంతే వేగంగా వచ్చి చేరుతుంది. గాలి రెండు వైపులా తలుపు తీస్తుంది. చేయగలిగింది వేడి అందించడం. పళ్లేన్ని వేలు మందం అల్యూమినియం పలక మీద పెట్టి, 20కి బదులు 5 గ్రాములే పోయండి. పలక వేడిని అందిస్తుంది, ద్రవం అంతగా చల్లబడదు, చివర మిగిలే నీళ్లు తగ్గుతాయి. పూర్తిగా పోవు, ఎందుకంటే ల్యాబ్‌కాటా గారు చెప్పినట్టు చల్లదనం లేకున్నా ఎసిటోన్ తేమను కలుపుకుంటుంది.

గ్లిజరిన్ సంగతి కూడా ఇదే సూత్రం. దానికి సొంత ఆవిరి పీడనం దాదాపు సున్నా, మరుగుస్థానం 290. పోయేది ఏమీ లేదు, వచ్చేదే ఉంది. తనలో కలిసిన నీటి ఆవిరి పీడనం గాలిలోదానితో సమానమయ్యేదాకా లాగుతూనే ఉంటుంది. 70 శాతం తేమలో అది మూడో వంతు నీళ్లయ్యేదాకా సాగుతుంది, అంటే మీ 20 గ్రాములు 30 దాకా వెళ్లొచ్చు. రోజుకు రెండుసార్లు గాజుకడ్డీతో కలపండి. కలపకపోతే పలచబడిన పైపొరే తేలి నిలబడి లెక్క నెమ్మదిస్తుంది.

ల్యాబ్‌కాటా:

మూసిన కిటికీల సంగతి ఇంకా ఎవరూ అనలేదు, అది ముఖ్యం. ఎసిటోన్ మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఐసోప్రొపైల్‌కు ఆ హద్దు 12 డిగ్రీలు. అంటే మన గదుల్లో రెండూ ఎప్పుడూ అంటుకునే స్థితిలోనే ఉంటాయి. ఆ బరువైన ఆవిరి బల్ల మీద నుంచి నేలకు జారి పాకుతుంది. బర్నరు గది అవతలి మూల వెలుగుతున్నా ప్రమాదమే. కిటికీలు తీసే చేయండి. గాలి తగలకూడదంటే పళ్లెం చుట్టూ అట్టముక్కలు నిలబెట్టండి. సీసా మీ దగ్గరే ఉంచుకుని కొలిచి ఇవ్వండి. పెట్రోలు కూడా పోల్చి చూద్దామని పిల్లలు అడుగుతారు, వద్దే వద్దు. మిథనాల్ కూడా వద్దు, అది చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి వెళ్లే విషం.

ఎసిటోన్ పళ్లేన్ని థర్మకోలు మీద పెట్టకండి. ఒలికితే థర్మకోలు కరిగి జిగురవుతుంది. ప్లాస్టిక్ పెట్రీ పళ్లేలదీ అదే గతి. కాటా పైపలక ప్లాస్టిక్ అయితే దాని మీద స్టీలు మూత ఒకటి పెట్టి సున్నా చేసుకుని తూచండి.

సైన్స్‌టీచర్_బాపట్ల:

కాపర్ సల్ఫేట్ పరీక్ష చేశాం. పళ్లెంలో మిగిలింది వేయగానే ముదురు నీలం. సీసాలోది వేస్తే తెల్లగానే ఉంది. ఇప్పుడు ఉప్పునీళ్ల పళ్లెం పక్కన తేమ మీటరు పెట్టి, తూకం తగ్గకా పెరగకా నిలిచే అంకె 75 అవునో కాదో చూడాలని పిల్లల పట్టుదల. మా మీటరు చవకది, 80 దగ్గర నిలిచినట్టు చూపిస్తోంది. ఉప్పు తప్పా, మీటరు తప్పా?

ఉప్పుమడి_చినగంజాం:

మీటరే. ఉప్పుతోనే దాన్ని సరిచూడొచ్చు. సీసా మూతలో రెండు చెంచాల మెత్తని ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి. నీళ్లు పైకి తేలకూడదు, తేలితే ఇంకాస్త ఉప్పు వేయండి. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని జిప్ కవర్లో పెట్టండి. మీటరుకు ఉప్పు తగలకూడదు. కవరు ఎండ పడని చోట, వేడి మారని గదిలో 12 గంటలు ఉంచి, తెరవకుండానే పైనుంచి అంకె చదవండి. లోపల గాలి 75 దగ్గర నిలుస్తుంది. మీటరు 80 చూపిస్తే, ఆ దరిదాపు అంకెల్లో అది 5 ఎక్కువ చెబుతోందని అర్థం. మీటరు వెనక 'మైనస్ 5' అని చీటీ అంటించి, ఉప్పునీళ్ల రీడింగులన్నీ ఆ లెక్కన దిద్దుకోండి. 40, 50 శాతాల దగ్గర తప్పు ఇంతే ఉంటుందనుకోకండి. అక్కడికి మెగ్నీషియం క్లోరైడుతో ఇదే పని చేసి 33 దగ్గర ఇంకోసారి చూసుకోవాలి.